అందుకునే చెయ్యి

లాగిందట.

ఆ ఒక్క మాటే ఇంటికీ కార్ఖానాకీ మధ్య తిరుగుతోంది. మేస్త్రి రంపం బల్ల మీద పలక చీలుస్తుంటే, అవతల నిలబడి అందుకోవలసిన పెళ్ళాం అందుకోకుండా లాగిందట. పలక మెలిపడి, గిర్రున తిరిగే రంపపు బిళ్ళకి అడ్డం తిరిగిందట. మేస్త్రి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయట. ఇందులో రుజువున్నది చివరి మాటకి ఒక్కదానికే. మిగతాదంతా చూడనివాళ్ళు చెప్పింది. చూడనివాళ్ళు చెప్పినంత వివరంగా చూసినవాళ్ళు ఎప్పుడూ చెప్పలేరు.

చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మేస్త్రి. రెండోది ఆమె.

మేస్త్రి ఇప్పుడు గోడకి చేరగిలబడి మంచం మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, మధ్యమధ్యలో అటూ ఇటూ సర్దుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. గుమ్మం దగ్గర అత్త, పరామర్శకి వచ్చిన పొరుగావిడతో మాట్లాడుతోంది. పొరుగావిడకి చెవుడేమీ లేదు, అయినా అత్త గొంతు ఇంటి నాలుగు మూలలకీ వినపడేలా ఉంది.

“ఇన్నేళ్ళ నుంచి ఆ మిషను దగ్గర చేస్తున్నాడమ్మా నా కొడుకు. గోరు కూడా చిట్లలేదు. మిషను తినని వేళ్ళు కట్టుకున్నది తినేసింది.”

“ఊరుకోండి వదినా, కావాలని చేస్తుందా?”

“కావాలనో వద్దనో, నిప్పు లేనిదే పొగ వస్తుందా? అందరూ అదే మాట అంటున్నారు.”

మేస్త్రి ఆ మిషను దగ్గర ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నాడో, ఆమె అవతల వైపు నిలబడిందీ అన్నేళ్ళ నుంచే. ఆ లెక్క అత్తకి అక్కర్లేదు. ఆమె కూడా గుర్తుచెయ్యలేదు. ముద్ద కలుపుతున్న తన చేతివైపే చూసుకుంది.

రంపం బల్ల దగ్గర ఇద్దరుండాలి. ఇవతల నిలబడి తోసేవాణ్ణి మేస్త్రి అంటారు. అవతల నిలబడి అందుకునే మనిషికి పేరంటూ ఏమీ లేదు. ఆ మనిషికి ఉన్నదల్లా ఒక నియమం, లాగకూడదు. పలక తనంతట తాను బిళ్ళ దాటి వచ్చి చేతుల్లో ఆనాలి. తొందరపడి లాగితే పలక పక్కకి తిరుగుతుంది. తిరిగిన పలకని బిళ్ళ వెనక పళ్ళు పట్టుకుంటాయి. పట్టుకుని పైకెత్తి తోసేవాడి మీదికే విసురుతాయి. ఆ విసురుకి చెయ్యి ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఈ సంగతి మేస్త్రి ఆమెకి మొదటిరోజే చెప్పాడు. “అవతల నిలబడేవాళ్ళకి నోరుండకూడదు, చేతులుంటే చాలు. ఆ చేతులు కూడా లాగకూడదు” అని.

ఆమె లాగలేదు. లాగలేదనే అనుకుంటుంది. కానీ ఎప్పుడూ లాగలేదా అంటే ఆ మాట గట్టిగా అనలేదు. సాయంకాలాలు మేస్త్రి భుజం అలిసిపోయినప్పుడు, పలక చివరి జానెడు రావడం ఆలస్యమైతే, ఆమె వేళ్ళు తెలియకుండానే దాన్ని కొంచెం దగ్గరికి తీసుకునేవి. మేస్త్రి అప్పుడు ఏమీ అనేవాడు కాదు. మరి ఆ రోజు? గిన్నెలు తోముతున్నా, దుప్పటి దులుపుతున్నా ఆమె చేతులు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి. అంచు పట్టుకుని, లాగాయా లేదా అని తమని తామే అడుగుతున్నాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చేసిందో లేదో తెలియకముందే ఆమె తప్పుచేసినదానిలా నడుస్తోంది.

ఆస్పత్రిలో కట్టు కట్టాక కార్ఖానా పెద్దాయన వచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఆమె ఎదురుగానే, “ఎలా జరిగిందిరా? మీ ఆవిడ లాగిందా?” అని అడిగాడు. మేస్త్రి ఏమీ అనలేదు. కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన తల పంకించాడు. దాంతో తీర్పు అయిపోయింది.

అంత నొప్పిలో కూడా పెళ్ళాం మీద చాడీ చెప్పలేక కళ్ళు మూసుకున్నాడని ఆమె అనుకుంది. ఆ దయకి ఆమెకి ఏడుపొచ్చింది. వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ ఏడుపు చూసినవాళ్ళు, పాపం, చేసిన పని గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నారు.

“ఇంకో ముద్ద పెట్టు” అన్నాడు మేస్త్రి.

పెట్టింది.

కార్ఖానా నుంచి కబురొచ్చింది, పనికి రమ్మని. దయ కాదు, పని ఆగిపోయింది. ఒక పెద్ద బడికి బల్లలు చెయ్యాలి. మొదటి వ్యాను వెళ్ళింది గానీ రెండో వ్యానుకి సరిపడా చీల్చిన పలకలు లేవు.

ఆమె వెళ్ళేసరికి రంపం బల్ల మీద తార్పాలిన్ కప్పి ఉంది. ప్రమాదం జరిగిన రోజు ఎవరో స్విచ్చి ఆపి, ఎవరో నేల కడిగి, ఎవరో ఆ తార్పాలిన్ విసిరేశారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు. అందరూ దానికి దూరంగా, గోడవార నుంచి నడుస్తున్నారు. చెక్క పొడి వాసన, జిగురు వాసన, పాలిష్ వాసన ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ మిషను రొద ఒక్కటే లేదు. రొద లేకపోయేసరికి మనుషుల మాటలు బాగా వినపడుతున్నాయి. అది ఆమెకి మంచిది కాలేదు.

“రా అమ్మాయ్, ఇలా నా పక్కన కూర్చో” అంది పాలిష్ పిన్ని. వార్నీషు మరకలు ఎప్పటికీ వదలని చేతులు ఆవిడవి. కార్ఖానాలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నే. “ఎలా ఉంది మీ ఆయనకి?”

“తగ్గుతోంది పిన్నీ.”

“పోన్లే. జరిగిందేదో జరిగింది. నువ్వు మనసులో పెట్టుకోకు. మనిషన్నాక పొరపాటు చెయ్యకుండా ఉంటుందా?”

ఓదార్పులో కూడా పొరపాటు ఆమెదే. ఆమె గుడ్డ ముక్క తీసుకుని బల్లకాలు రుద్దడం మొదలుపెట్టింది.

పెద్దాయన వచ్చి మధ్యలో నిలబడ్డాడు. కోపంగా ఉన్నప్పుడు ఆయన జేబులోంచి తాళాలగుత్తి తీసి తిప్పుతుంటాడు. ఇప్పుడు తిప్పుతున్నాడు. “మేస్త్రి చెయ్యి మానేదాకా ఎవరో ఒకరు కొయ్యాలి. ఎవరు కోస్తారు?”

అందరూ పెట్టెలు బిగించే మేకుల బావ వైపు చూశారు. ఎప్పుడూ నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని వాటి సందుల్లోంచే మాట్లాడుతుంటాడు, అందుకే ఆ పేరు. అతను మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. మేకులు తీసి మాట్లాడాడంటే సంగతి గట్టిదన్నమాట.

“నాకొద్దు బాబూ. మేకు పట్టుకోవాలన్నా వేళ్ళుండాలి కదా. ఒకవేళ వేళ్ళు మిగిలినా పని మిగలదు. ఇంతకుముందున్న మేస్త్రి పలక విరగ్గొట్టాడని ఏం చేశారు మీరు? తప్పు చేసిన మేస్త్రి మళ్ళీ మిషను ముట్టుకోకూడదన్నారు. ఇప్పుడు గేటు దగ్గర వ్యానులకి తాళ్ళు కట్టుకుంటున్నాడు.”

“తప్పు చేస్తే తాళ్ళే కట్టాలి. చెయ్యకపోతే కోసుకోవచ్చు” అన్నాడు పెద్దాయన.

“నేను కోస్తాను” అంది ఆమె.

ఎందుకు అందో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

“నువ్వా? లాగడమనుకున్నావా, తొయ్యడం!” అన్నాడు పెద్దాయన. ఆ మాటకి ఇంకొంచెం నవ్వు.

“ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి చూశాను. బల్ల నాకు తెలుసు.”

“బల్లకి కూడా నువ్వు తెలుసులే చెల్లీ, అదే భయం” అన్నాడు మేకుల బావ. అతని మాటలో విషం లేదు. అయినా తగలాల్సిన చోట తగిలింది.

పెద్దాయన తాళాలు తిప్పడం ఆపి ఆమెని ఎగాదిగా చూశాడు. వేరే దారి లేదు. వ్యాను ఎల్లుండి వస్తుంది. “సరే. కానీ విను, నీకూ అదే రూలు. ఏదైనా జరిగితే నన్ను అడక్కు.”

అప్పుడు అర్థమైంది ఆమెకి తను ఎందుకు ఆ మాట అందో. ఆ పూట ఏం జరిగిందో ఆమె బుర్రకి గుర్తులేదు. ఆ బల్ల దగ్గర మళ్ళీ నిలబడితే చేతులకైనా గుర్తొస్తుందేమో. లాగిన చేతులని తేలితే అదైనా తేలుతుంది. ఇలా తేలకుండా బతకడం కన్నా అదే నయమనిపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళింది. చీర కొంగు బిగించి దోపుకుంది. గాజులు తీసి పాలిష్ పిన్ని డబ్బాలో వేసింది. పొడుగు చేతుల జాకెట్టు మోచేతుల పైకి మడిచింది. అన్నిటికన్నా ముందు గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు ఊడబీకి, దాని తీగ బల్ల మీదికి తెచ్చి, తన కళ్ళకి కనపడేలా పెట్టుకుంది. మేస్త్రి ఎన్ని కబుర్లు చెప్పినా ఈ ఒక్కటీ ఎప్పుడూ మరిచేవాడు కాదు. బిళ్ళ మీద చెయ్యి వెయ్యాలంటే దాని ప్రాణం నీ కళ్ళ ముందుండాలి అనేవాడు.

తార్పాలిన్ తీసింది. బల్ల మీద పొట్టు అంతా అలాగే ఉంది. ఒక మూల కడగడం మరిచిన గోధుమరంగు మరక ఉంది. దాని వైపు చూడకుండానే తుడిచింది. తుడిచాక కాసేపు ఆ గుడ్డ ఎక్కడ పెట్టాలో తోచలేదు.

బిళ్ళ నట్టు బిగువుగానే ఉంది. మూలమట్టం తెచ్చి బల్లకీ బిళ్ళకీ మధ్య ఆనించింది. వెలుతురు సందు లేదు, బిళ్ళ నిటారుగానే నిలబడి ఉంది. తర్వాత ఒక పంటికి సుద్దముక్కతో గుర్తుపెట్టింది. బల్ల మీద పొడుగునా ఉన్న గాడికి ఒక బద్ద ఆనించి, సుద్ద పంటిని ముందుకి తెచ్చి ఎంత దూరముందో చూసింది. బిళ్ళని చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. రెండు చోట్లా ఒకటే. బిళ్ళలో తప్పులేదు.

ఇక మిగిలింది గైడు. పలక దేనికి ఆనుకుని బిళ్ళ పక్కగా జారుతుందో ఆ ఇనుప పట్టీ. ఆ రోజు మేస్త్రి బిగించినట్టే ఉంది, ఎవరూ కదపలేదు. ఆమె ఒక సన్నటి బద్దని చెక్కుకుంటూ చెక్కుకుంటూ, బిళ్ళ ముందు పంటికీ గైడుకీ మధ్య సరిగ్గా ఇమిడేలా చేసింది. అదే బద్దని వెనక పంటి దగ్గరికి తీసుకెళ్ళింది.

దూరలేదు.

బద్ద వంకరగా పెట్టానేమోనని మళ్ళీ ముందు పెట్టింది. హాయిగా ఇమిడింది. మళ్ళీ వెనక. గోరు మందం అడ్డం వస్తోంది. గైడు వెనక కొస బిళ్ళ వైపు ఒరిగి ఉంది. ఆ కొసని పట్టే బిగింపు చాలాకాలంగా జారుతోంది. మేస్త్రి రోజూ పొద్దున దాన్ని సరిచూసుకుని, సందులో చెక్కముక్క దోపి బిగించేవాడు. ఆ చెక్కముక్క ఇప్పుడు లేదు.

అంటే ముందు వెడల్పుగా ఉన్న దారి వెనక్కి పోయేకొద్దీ ఇరుకైంది. దూరిన పలక బయటికి రావడానికి చోటు లేక బిళ్ళ వెనక పళ్ళకి ఒత్తుకుంటుంది. లాగినా లాగకపోయినా ఒత్తుకుంటుంది.

ఆమెకి ఆశ పుట్టింది. వెంటనే ఇంకో అనుమానం దాన్ని నొక్కేసింది. పలక తన్నిన దెబ్బకి గైడు అప్పుడే ఒరిగిందేమో? ఆమె లాగడం వల్ల పలక తిరిగి, తిరిగిన పలక గైడుని కొట్టిందేమో? తన పక్షాన వాదించుకోవడం కూడా ఆమెకి అలవాటు తప్పింది.

బల్ల అవతల, తను ఎప్పుడూ నిలబడే చోట, ఆ రోజు అందుకుని పేర్చిన పలకల దొంతర అలాగే ఉంది. వెళ్ళి పైది తీసింది. కోసిన అంచు పొడుగునా నల్లటి చార. దాని కింది దానికీ నలుపే. దాని కిందిది కాస్త గోధుమరంగు. ఇంకా కిందికి వెళ్ళేకొద్దీ రంగు తగ్గుతూ, అడుగున ఉన్నవాటి అంచులు పాలలా తెల్లగా ఉన్నాయి. ఒక్కో పలకా తీసి నేలమీద వరసగా పరిచింది. తెల్లగా మొదలై నల్లగా ముగిసింది వరస.

పలకలు ముందు నుంచే కాలుతున్నాయి. గైడు ఆ రోజంతా కొంచెం కొంచెంగా ఒరుగుతూ వచ్చింది. చివరి పలక తన్నడానికి ఎంతో ముందే ఒరిగింది. ఆ కమురు వాసన ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. బిళ్ళ మొద్దుబారిందేమో అనుకుని ఊరుకుంది ఆ రోజు. అవతల నిలబడేవాళ్ళకి నోరుండకూడదు కదా.

నేలమీద కూర్చుండిపోయింది. ముందు తన రెండు చేతులూ చూసుకుంది, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు. తర్వాత ఆనందం వచ్చింది. మొగుడి వేళ్ళు పోయిన సంగతిలో ఆనందమేమిటని సిగ్గేసింది కూడా. అయినా వచ్చింది. నేను కాదు, నా చేతులు కావు. లేచి ఒక పలకని చెంపకి ఆనించుకుంది. చెక్క చల్లగా ఉంది. సాయంకాలం ఇంటికి పోగానే ముందు ఆయనకే చెప్పాలి. పాపం, ఆయన కూడా పెళ్ళాం వల్లే ఇలా అయిందని కుములుతున్నాడు. ఎవరికీ చెప్పుకోలేక కళ్ళు మూసుకున్నాడు. ఈ మాట వింటే ఆయన గుండె మీది బరువు కూడా దిగుతుంది.

“ఏంటమ్మాయ్, నేలమీద సంత పెట్టావు?” అంటూ వచ్చింది పాలిష్ పిన్ని.

“ఏం లేదు పిన్నీ. సరిచూసుకుంటున్నా.” మొదట ఆయనకే చెప్పాలి. ఇంకెవరికీ కాదు.

పలకల్ని తీసి గోడకి చేరవేసింది. గైడు వదులు చేసి, బద్దతో ముందూ వెనకా కొలిచి, వెనక కొస వెంట్రుకవాసి ఎడంగానే ఉండేలా జరిపి, గట్టి చెక్కముక్క దోపి బిగించింది. గోడ మేకుకి వేలాడుతున్న రెండు వస్తువులు దించింది. మిషను వచ్చిన రోజు నుంచీ అవి ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి, సాలీడు కాపురం పెట్టింది. ఒకటి బిళ్ళ వెనక చేప రెక్కలా నిలబడే ఇనుప రేకు. కోసిన చీలిక మూసుకుపోకుండా, పలక వెనక పళ్ళ మీదికి ఒరగకుండా అది కాపలా ఉంటుంది. రెండోది బిళ్ళ మీద కప్పే మూత. రేకుని బిళ్ళ వరసలోకి తెచ్చి బిగించింది. మూత దించింది.

అప్పుడే పెద్దాయన వచ్చాడు. “ఇదంతా ఎందుకు? అవి పెడితే పని నడవదు. వాడెప్పుడైనా పెట్టాడా?”

“పెట్టలేదు” అంది ఆమె.

ఆయన మూత వైపు ఒకసారి చూశాడు. “కానీ, కానీ, వ్యాను ఆగదు” అని తాళాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

పలకని బల్ల మీద పెట్టి, బిళ్ళ పళ్ళు దాని మీద కొంచెమే తేలేలా ఎత్తు దించింది. ఒక పాత ముక్కకి కొసన గంటు కొట్టి తోపుడు కర్ర చేసుకుంది. పిన్నిని అవతల నిలబెట్టింది.

“నేనేం చెయ్యాలే?”

“ఏం చెయ్యొద్దు. చేతులు చాచి ఉంచు. పలక తానే వస్తుంది. లాగొద్దు.”

ఆ మాటకి అవతల సుత్తి చప్పుడు ఆగింది. మేకుల బావ తలెత్తి చూశాడు. ఆమె పట్టించుకోలేదు. ప్లగ్గు పెట్టింది. బిళ్ళ వరసకి ఎదురుగా కాకుండా ఒక అడుగు ఎడమకి జరిగి నిలబడింది. స్విచ్చి నొక్కి, రొద సమంగా నిలబడేదాకా ఆగింది. పలకని గైడుకి ఆనించి, తోసింది.

ఇన్నేళ్ళూ అటు నుంచి విన్న చప్పుడు ఇటు నుంచి వేరుగా ఉంది. పలక బరువు అరచేతికి తెలుస్తోంది, బిళ్ళ ఎక్కడ తింటోందో మణికట్టుకి తెలుస్తోంది. చెయ్యి మూతకి దగ్గరవుతుండగా ఆపి, చెయ్యి తీసి, కర్ర కొస పలక వెనక ఆనించి చివరిదాకా తోసింది. పలక రెండుగా విడిపోయి, ఏ గొడవా లేకుండా పిన్ని చేతుల్లో వాలింది. స్విచ్చి ఆపి, బిళ్ళ పూర్తిగా నిలిచాక వెళ్ళి అంచు చూసింది. తెల్లగా ఉంది.

“బాగా కోశావే!” అంది పిన్ని ఆశ్చర్యంగా.

ఆ రోజంతా కోసింది. సాయంకాలానికి భుజాలు పడిపోతున్నా పరుగులాంటి నడకతో ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ఆయన ముందు నమ్మడు. తర్వాత, “అయ్యో, నాదేనా తప్పు?” అంటాడు. బాధపడతాడు. అప్పుడు తను, “పోనీలెండి, గైడు జారితే మీరేం చేస్తారు” అనాలి. ఆ మాట కూడా సిద్ధంగా పెట్టుకుంది.

మేస్త్రి మంచం మీదే ఉన్నాడు. అత్త వంటింట్లో ఉంది.

“నేను లాగలేదండీ!” గుమ్మంలోంచే అంది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది. “గైడు వెనక కొస ఒరిగి ఉంది. బద్ద పెట్టి చూశాను. అప్పుడు ఒరిగింది కాదు, ముందు నుంచే. పలకలన్నీ ఒక్కొక్కటీ కాలుతూనే వచ్చాయి, కావలిస్తే చూపిస్తాను. నా చేతుల వల్ల కాదండీ.”

చెప్పి, అతని మొహం వైపు చూసింది, ఆశ్చర్యం వస్తుందని.

మేస్త్రి వంటింటి తలుపు వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

“ఎవరితోనైనా అన్నావా?” అన్నాడు.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. “లేదు. ముందు మీకే చెబుదామని…”

“మంచిపని చేశావు.”

అతను దిండు మీద చెయ్యి సర్దుకున్నాడు. ఆమె నిలబడే ఉంది. దారిలో పేర్చుకొచ్చిన మాటలు ఒక్కటీ పనికిరాలేదు. పనికొచ్చేది ఒక్కటే ఉంది, అది ఆమె పేర్చుకున్నది కాదు.

“మీకు తెలుసా?”

“మెల్లిగా మాట్లాడు. అమ్మ వింటుంది.”

“మీకు తెలుసు.”

“పొగ వస్తూనే ఉంది” అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి. “చెక్కముక్క ఎక్కడో పడిపోయింది. ఆపి సరిచేద్దామనే అనుకున్నా. వ్యాను వాడు హారను కొడుతున్నాడు, పెద్దాయన అప్పుడే వచ్చి తొందరపెట్టి వెళ్ళాడు. ఇంకో నాలుగే కదా అనుకున్నా.”

“మరి ఆస్పత్రిలో?”

“ఆస్పత్రిలో నేను నువ్వు లాగావని అన్నానా? చెప్పు, అన్నానా? ఆయనే అన్నాడు.”

అది నిజమే. అతను అనలేదు. కళ్ళు మూసుకున్నాడు, అంతే. ఆ కళ్ళు మూసుకున్నందుకే ఆమె వరండాలో గోడ పట్టుకుని ఏడ్చింది.

“నువ్వు లాగలేదంటే మరి తప్పు నాదే కదా” అన్నాడు. “నన్ను గేటు దగ్గర తాళ్ళు కట్టమంటాడు. వేళ్ళు పోయినా ఆ బల్ల మీద ఇంకా కొయ్యగలను నేను. తాళ్ళెలా కడతానే ఈ చేత్తో? నీకేం పోయింది చెప్పు. నాలుగు రోజులు అంటారు, మరిచిపోతారు. మొగుడూ పెళ్ళాలం, తప్పు ఎవరి నెత్తిన పడితే ఏం? ఇంట్లోనే ఉంటుంది కదా.”

ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున లేచింది మొదలు ఆమె దాన్ని గిన్నెల్లో తోముతోంది, దుప్పట్లలో దులుపుతోంది. ఆ మాట అందామనుకుంది. అనేలోపే అతను అందుకున్నాడు.

“చెయ్యి మానేదాకా నువ్వే కొయ్యి. తర్వాత నేనొస్తాను, నువ్వు ఎప్పట్లాగా అందుకుందువు గాని” అన్నాడు మేస్త్రి. అంతా ముందే ఆలోచించి పెట్టుకున్నట్టున్నాడు. “రేపు వెళ్ళగానే ఆ పలకల అంచులకి చిత్రిక పట్టేసెయ్. ఒక్క చార కూడా కనపడకూడదు.”

అత్త పళ్ళెం పట్టుకుని వచ్చింది. కోడల్ని పైనుంచి కిందిదాకా చూసి పళ్ళెం చేతికిచ్చింది. “ఇవాళ ఆ మిషను నువ్వే నడిపావటగా. వాడి వేళ్ళు చాలలేదా? పెట్టు ముందు, వాడికి ఆకలేస్తోంది. తీసుకున్న చెయ్యే పెట్టాలి మరి.”

ఆమె మంచం పక్కన కూర్చుంది. ముద్ద కలిపింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుంది.

“నేను లాగలేదు అత్తయ్యా” అంది. “ఆయన్నే అడగండి.”

ఇన్ని రోజుల్లో ఆమె అత్తకి బదులు చెప్పడం ఇదే మొదలు. అత్త నోరు తెరిచి, మూసి, కొడుకు వైపు తిరిగింది. “ఏరా? ఏమంటోంది ఇది?”

మేస్త్రి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. నోరు తెరిచాడు. ఆమె ఆ నోటివైపే చూస్తోంది. ఒక్కమాట చాలు. అవును అన్నా చాలు, తలాడించినా చాలు, ఆ తర్వాత పెద్దాయనకి చెప్పకపోయినా సరే, ఈ ఇంట్లో, ఈ గదిలో ఒక్కరి ముందు అంటే చాలు. అన్నీ మరిచిపోయి ఆ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి సిద్ధంగా ఉంది ఆమె.

“ముద్ద పెట్టవే. చల్లారిపోతోంది” అన్నాడు మేస్త్రి.

తెరిచిన నోరు అలాగే ఉంది.

ఆమె ముద్దని పళ్ళెంలో వదిలేసింది. పళ్ళెం అత్త చేతికిచ్చి లేచింది. “ఏమే, ఎక్కడికి? వాడు ఎలా తింటాడు?” అంటున్న అత్త మాటకి ఆగలేదు. పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. లోపల అత్త కొడుకుని బుజ్జగిస్తూ తినిపిస్తోంది, మధ్యమధ్యలో కోడల్ని తిడుతోంది. అతను నమలడం కూడా వినపడుతోంది.

రేపు కార్ఖానా తలుపు తెరిచేసరికే అక్కడుండాలి. నల్లబడ్డ పలకల్ని తెల్లవాటి పక్కన, ఆ రోజు వరసలోనే, పెద్దాయన వచ్చే దారిలో నేలమీద పరవాలి. అందరూ వచ్చేదాకా వాటి పక్కనే నిలబడాలి.

తర్వాత ఏమవుతుందో ఆమెకి తెలుసు. గేటు దగ్గర ఒకడు ఒంటిచేత్తో తాళ్ళు కడుతుంటాడు. ఆమె రోజూ అతని ముందు నుంచే లోపలికి వెళ్ళాలి. సాయంకాలం ఇద్దరూ ఒకే ఇంటికి రావాలి.

తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని లోపలికి నడిచింది.